శుక్రవారం చేపల పులుసు గురించి మేత్రాణులకు ఒక మనవి

తెలుగు కతోలిక పీఠాధిపతుల సమాఖ్యలోని పూజ్య మేత్రాణులకు,



బెజవాడలో ఒక విచారణకు, అంటే ఒక గుడి పరిధికి, చెందిన విశ్వాసిని రాస్తున్న ఉత్తరం ఇది. నిజానికి ఈస్టరు ముందు వచ్చే తపస్సు కాలంలోనే రాయాల్సింది. కానీ ఆకలి మీదున్న మనిషి రాసే ఉత్తరంలో మర్యాద తగ్గుతుంది. అందుకని ఈస్టరు వెళ్ళి, మటన్ కొట్ల ముందు వరసలు పలచబడి, మా ఇంట్లో అందరి మొహాలూ మళ్ళీ మామూలు కళకి వచ్చాక కలం పట్టాను. ఫిర్యాదు మీ మీద కాదు. ఫాదర్‌గారి మీద అసలే కాదు. మా వంటింటి మీద, ముఖ్యంగా శుక్రవారం పూట అందులోంచి వచ్చే వాసన మీద.

మా పక్కింటి పిన్నిగారు శుక్రవారం నీచు ముట్టరు. ఆ రోజు వాళ్ళ గడపకు పసుపు, సాయంత్రం దీపం, లక్ష్మీపూజ. కోడిగుడ్డు కూడా గుమ్మం దాటి లోపలికి రాదు. తపస్సు కాలం మొదలు కాగానే నేనే వెళ్ళి చెప్పాను, "పిన్నిగారూ, ఈస్టరు దాకా మాకూ శుక్రవారాలు నియమమేనండీ" అని. ఆవిడ ఎంత సంతోషించారో. "మంచిదమ్మా, ఏ దేవుడైతేనేం, శుక్రవారం శుక్రవారమే" అన్నారు. సరిగ్గా ఆ శుక్రవారం మధ్యాహ్నం మా పొయ్యి మీద శీలావతి ముక్కలు మామిడికాయతో కలిసి ఉడుకుతున్నాయి. రెండిళ్ళకీ మధ్య మూడడుగుల సందు. కిటికీలు ఎదురెదురు. పిన్నిగారు కిటికీ దగ్గరికొచ్చి కాసేపు ఏమీ అనలేదు. తరవాత మెల్లిగా, "నియమం రేపట్నుంచా అమ్మా?" అన్నారు.

ఇవాళేనండీ, చేప మాంసం కిందికి రాదండీ అన్నాను. "మరి దేని కిందికి వస్తుందమ్మా, కాయగూరల కిందికా?" అన్నారు. ఆవిడ వెటకారానికి అనలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగారు. అదే నాకు మరీ కష్టమైంది.

చట్టం సంగతి మీకు నేను చెప్పేదేముంది. అయినా ఈ ఉత్తరం పిన్నిగారూ చదువుతారు కనుక రెండు మాటలు. తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం, ఈస్టరు ముందొచ్చే పవిత్ర శుక్రవారం రెండు రోజులూ ఉపవాసమూ ఉంది, మాంసం మానడమూ ఉంది. మిగతా శుక్రవారాలు మాంసం మానితే చాలు. 1966 ఫిబ్రవరి 17న ఆరవ పౌలు పోపుగారు 'పెనిటెమిని' అనే లేఖలో పాత కట్టుబాట్లను బాగా సడలించి ఈ పద్ధతి పెట్టారు. 1983 నాటి శ్రీసభ న్యాయ సంహితలో 1249 నుంచి 1253 దాకా ఉన్న అయిదు సూత్రాలదీ అదే బాట. మాంసమంటే నేల మీద తిరిగే జంతువులదీ, పక్షులదీ. చేపలు, రొయ్యలు, పీతలు అందులోకి రావు. గుడ్లూ పాలూ ఒకప్పుడు వద్దన్నవే, ఇప్పుడు పరవాలేదు.

ఈ తేడాకి కారణం 13వ శతాబ్దంలోనే పునీత తోమాసు అక్వినాసుగారు చెప్పి పెట్టారు. నేల మీది జంతువుల మాంసం నాలుకకి ఎక్కువ రుచి, ఒంటికి ఎక్కువ పుష్టి, అందువల్ల కోరికల్ని రేపుతుంది. చేపతో అంత ప్రమాదం లేదు అన్నది స్థూలంగా ఆయన వాదం. ఆయన ఇటలీలో పుట్టారు, పారిస్‌లో చదువు చెప్పారు, మహాజ్ఞాని. నెల్లూరు చేపల పులుసు మాత్రం తినలేదు. రాత్రి వండి మూతపెట్టి, తెల్లారేసరికి పులుపూ కారమూ ముక్కకి పట్టాక, వేడి వేడి అన్నంలో వేసుకుని ఒక్కసారి తిని ఉంటే ఆ భాగం ఆయన ఇంకోలా రాసి ఉండేవారు.

పైగా తపస్సు కాలం వచ్చే వేళ చూడండి. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్. చింతచెట్టు చిగురేసేది అప్పుడే, ఆ చిగురుని ఎండురొయ్యలతో వండుకునేదీ అప్పుడే. మామిడి పిందె పులుసులో వేసేంత కాయయ్యేదీ ఆ నెలల్లోనే. చేపల, రొయ్యల పెంపకంలో దేశానికే పెద్ద ఆంధ్రప్రదేశ్. కైకలూరు, భీమవరం చెరువుల చేప ఎక్కడెక్కడికో లారీల్లో పోతుంది. ఇలాంటి చోట కూర్చోబెట్టి "మాంసం మానండి, చేప తినొచ్చు" అనడం, అత్తారింటికొచ్చిన కొత్తల్లుణ్ణి "భోజనం లేదు నాయనా, ఇవాళ పిండివంటలతో సరిపెట్టుకో" అన్నట్టుంది.

మా వీధికొచ్చే చేపలావిడకి క్యాలెండరు అక్కర్లేదు. ఆవిడ కతోలికురాలు కాదు, అసలు క్రైస్తవురాలే కాదు. అయినా విభూది బుధవారం దాటి వచ్చే శుక్రవారం గంప సరాసరి మా గుమ్మంలోనే దించుతుంది. "మీ ఉపాసాలు మొదలైనయ్యంటగా అమ్మా, నీ కోసమని కొరమీను పక్కన పెట్టా" అంటుంది. అంత ప్రేమగా తెచ్చినదాన్ని ఎలా కాదనేది?

ఇది మన ఒక్కళ్ళ జాడ్యమూ కాదు లెండి. అమెరికాలోని ఒహాయోలో ఉంటున్న మా అమ్మాయి ఫోన్లో చెప్తుంటుంది, వాళ్ళ విచారణలో తపస్సు కాలం శుక్రవారం సాయంత్రమంటే గుడి హాల్లో చేపల వేపుడు విందట. బల్లలు వేసి, టోకెన్లిచ్చి, ఊరు ఊరంతా వస్తుందట. ఆ రాష్ట్రంలోనే సిన్సినాటిలో 1962లో ఒక మెక్‌డోనాల్డ్స్ దుకాణదారు, కతోలికులు ఎక్కువగా ఉన్న పేటలో శుక్రవారం హాంబర్గర్లు అమ్ముడుపోక, చేప ముక్కతో శాండ్‌విచ్ తయారు చేశాడు. ఇప్పుడు దేశదేశాల్లో దొరికే ఫిలే ఓ ఫిష్ పుట్టుక అదీ. న్యూ ఆర్లీన్స్‌లో అయితే 2010లో ఒక విశ్వాసి, మొసలి మాంసం తినొచ్చా అని అగ్రపీఠాధిపతి గ్రెగరీ ఏమండ్ గారికే ఉత్తరం రాశాడు. మొసలిని చేపల కుటుంబంలోనే లెక్కేస్తారని ఆయన జవాబిచ్చారు. వెనెజువెలాలో కాపీబారా అని పందంత ఎలుక జాతి జంతువు ఉంటుంది. నీళ్ళలో ఈదుతుంది గనక దాన్ని కూడా తపస్సు కాలంలో తింటారు.

ఇవన్నీ నేను భోజనాల దగ్గర చెప్తుంటే మా ఆయన ముద్ద ఆపి శ్రద్ధగా విన్నారు. ఆఖర్న, "కొల్లేటి బాతు కూడా నీళ్ళలోనే గదా ఉండేది" అన్నారు. మేత్రాణులారా, ఈ బాతు సంగతి ఒక మాట స్పష్టంగా రాసి పంపితే మా ఇంట్లో చర్చ ముగుస్తుంది.

మా ఆయన గురించి ఇంకొంచెం చెప్పాలి. గుడికి వచ్చినప్పుడు ప్రసంగం సగంలో కునుకు తీస్తారు గానీ, శ్రీసభ చట్టంలో ఆయనకున్న పట్టు చూస్తే గురువిద్యాలయం వదిలేసి వచ్చారేమోనని అనుమానం వస్తుంది. ఒక శుక్రవారం ఎవరిదో పదవీ విరమణ విందుకి వెళ్ళాం. చికెన్ బిర్యానీ. ఈయన ముక్కలు పక్కకి తోసి అన్నం మాత్రం పెట్టించుకున్నారు. అదేమిటండీ అంటే, "1917 నాటి పాత సంహిత మాంసంతో పాటు మాంసపు రసాన్ని కూడా వద్దంది. ఇప్పటిదాంట్లో రసం ఊసే లేదు. ఎత్తేసినట్టే" అన్నారు. చట్టం మాట నిజమే, నేను వాకబు చేశాను. కానీ ఆ బిర్యానీ అన్నంలో మసాలా ఎంత, కోడి ఎంత అని కొలిచే న్యాయస్థానం ఏ పీఠంలో ఉందో మీరే చెప్పాలి.

వయసు లెక్క వేరే. మాంసం మానడం 14 నిండిన ప్రతివాళ్ళకీ, పైన హద్దు లేదు. ఉపవాసం మాత్రం 18 నిండిన దగ్గర్నుంచి అరవయ్యో ఏడు మొదలయ్యే దాకా. మా ఆయనకి ఆమధ్య 59 నిండాయి. కొవ్వొత్తి ఊదకముందే 1252వ సూత్రం గుర్తు చేశారు, "నాకు విడుదల" అని. విడుదల ఒక్క ఉపవాసం నుంచే అన్న మాట ఆయన చెవికి ఇప్పటికీ ఎక్కలేదు.

ఇక ఉపవాసం. ఈ ఏడాది, అంటే 2026లో, విభూది బుధవారం ఫిబ్రవరి 18న వస్తే, మర్నాడే రంజాను మొదలైంది. మా ఆఫీసులో రోజా ఉండే తమ్ముడొకడున్నాడు. పొద్దు వాలే దాకా మంచినీళ్ళు కూడా ముట్టడు. బుధవారం నాడు నేను ఉపవాసమని తెలిసి గౌరవంగా అడిగాడు.

"నీళ్ళు తాగొచ్చా మేడం?"

"తాగొచ్చు."

"పొద్దున టిఫిను?"

"కొద్దిగా."

"మధ్యాహ్నం?"

"పూర్తి భోజనం."

"రాత్రికి?"

"మళ్ళీ కొద్దిగా."

కాసేపు ఆలోచించి, "మా డాక్టరుగారు నాకు మామూలు రోజులకి రాసిచ్చింది ఇదే మేడం" అన్నాడు.

ఆ రోజు ఆఫీసులో నా నుదురు సంగతి ఇంకో కథ. పొద్దున్నే ఆరుగంటల పూజలో విభూది పెట్టించుకుని సరాసరి డ్యూటీకి వెళ్ళాను. పోయినేటి మ్రానికొమ్మలు కాల్చి చేసిన బూడిద కాబట్టి నల్లగా ఉంటుంది, సిలువ ఆకారం గంటకల్లా చెమటకి చెదిరిపోతుంది. ఒకావిడ జాలిగా రుమాలు తీసిచ్చింది, మొహానికి మసి అంటిందని. మహాశివరాత్రి ఫిబ్రవరి 15న అయింది గనక ఇంకొకాయన, "మూడు రోజులైంది కదమ్మా, ఇంకా విభూదేమిటి?" అన్నాడు. 2024లో విభూది బుధవారం ఫిబ్రవరి 14న పడింది. ఆ రోజు నుదుట మసితో, చేతిలో మా ఆయనిచ్చిన గులాబీతో నేను లిఫ్టులో ఉంటే ఎవరూ ఏమీ అడగలేదు. అడక్కపోవడమే ఇబ్బందిగా అనిపించింది.

హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అబ్బాయి కష్టాలు మరో రకం. తపస్సు కాలమూ రంజానూ కలిసొచ్చిన ఏడాది, శుక్రవారం సాయంత్రం సిలువ మార్గానికి వెళ్ళే దారి పొడుగునా హలీము బట్టీలే. 2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న వంటకం. గరిటెతో దంచే చప్పుడు, పైన వేయించిన ఉల్లిపాయలు, నెయ్యి. ముక్కు మూసుకుంటే బండి నడపడం కుదరదు. వాడు పద్నాలుగు స్థలాలూ పూర్తి చేసి, రూముకొచ్చి, రాత్రి పదకొండు నలభైకి స్విగ్గీలో ఆర్డరు పెడతాడు. పన్నెండు దాటాక వచ్చేటట్టు. ఒకసారి డెలివరీ అబ్బాయి చురుకైనవాడు తగిలి పన్నెండుకి ఎనిమిది నిమిషాల ముందే తెచ్చేశాడు. ఇద్దరు రూమ్మేట్లు, ఒకడు కతోలికుడు కాదు, గడియారం చూస్తూ పొట్లం చుట్టూ కూర్చున్నారట. కతోలికుడు కానివాడు కూడా పన్నెండయ్యే దాకా ఆగాడట. ఆ పిల్లాడి పుణ్యం ఎవరి ఖాతాలో రాస్తారో నాకు తెలీదు.

ఇంట్లో ఏది మానాలన్న విషయంలో కూడా ఎవరి తెలివి వాళ్ళదే. మా ఆయన ఏటా తపస్సు కాలంలో టీలో చక్కెర మానేస్తారు. చక్కెర జబ్బు వచ్చి డాక్టరు మాన్పించినప్పట్నుంచీ ఈ త్యాగం ఆయనకి బాగా అలవాటైంది. మా అత్తగారు సీరియళ్ళు మానేశారు. టీవీ ఉన్న గదిలోకి రారు. పక్క గదిలో జపమాల పట్టుకుని కూర్చుంటారు, మధ్య తలుపు మాత్రం వేయనివ్వరు, గాలాడదని. నేను కాఫీ మానేశాను. మూడో రోజుకల్లా ఇంటిల్లిపాదికీ తపస్సు మొదలైంది. ఎవరు పలకరించినా కసురుకునేదాన్ని. చివరికి ఇంట్లో అందరికన్నా భక్తురాలు మా అత్తగారే గ్లాసు చేతిలో పెట్టి, "ఆదివారాలు లెక్కలోకి రావంటగా అమ్మా, తాగు" అన్నారు. రాజీ మార్గం ఆవిడకి బాగానే తెలుసు. విభూది బుధవారం నుంచి పవిత్ర శనివారం దాకా లెక్కపెడితే 46 రోజులు, ఆరు ఆదివారాలు తీసేస్తేనే గదా 40. ఇలా ఆదివారం కాఫీ వచ్చింది. కాఫీ వెనకే ఆదివారం చికెన్ వచ్చింది.

మా గుడి కీబోర్డు అబ్బాయి గురించి కూడా ఒక మాట చెప్పకపోతే అన్యాయం. తపస్సు కాలంలో వాయిద్యాలు పాటకి తోడుగా మాత్రమే మోగాలి, వాటంతట అవి మోగకూడదు. వాడేమో పాటకి ముందు ఒక నిమిషం, చరణానికీ చరణానికీ మధ్య ఇంకో నిమిషం సినిమా స్థాయిలో వాయించే రకం. నలభై రోజులూ చేతులు కట్టేసినట్టు కూర్చుంటాడు. అల్లెలూయ కూడా లేదు. పాస్కా జాగరణ రాత్రి మహిమగీతం మొదలై గంటలు మోగాయో లేదో, వాడు దాచుకున్నదంతా ఒక్కసారిగా వదుల్తాడు. ఆ రాత్రి నిజంగా పునరుత్థానం అనిపించేది నాకు అక్కడే.

సరే, నవ్వులాట చాలు. నేను అడగదలుచుకున్నది ఒకటుంది.

మా అమ్మమ్మగారిది ఫిరంగిపురం వైపు పల్లె. ఆవిడకి 1251వ సూత్రం తెలీదు. తపస్సు కాలమొస్తే నలభై రోజులూ ఇంట్లో నీచు వండేది కాదు. చేప, గుడ్డు కూడా. ఆదివారానికి వేరే లెక్క లేదు. పెళ్ళి ముచ్చట్లు లేవు, కొత్త చీర లేదు. రోజూ అన్నానికి కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. పవిత్ర వారంలో ఆ కుండ గుడికి వెళ్ళేది, అక్కణ్ణుంచి ఊళ్ళో పొయ్యి వెలగని ఇళ్ళకి. తను తినకుండా ఆపిందేదో ఇంకెవరో తిన్నారు. అమ్మమ్మ తపస్సంటే ఇంతే. అందులో వాదన లేదు, వయసు మినహాయింపు లేదు, బాతు లేదు.

ఇప్పుడు మా ఇంటికి రండి. తపస్సు కాలం వచ్చిందంటే శ్రీసభ సేవాసంస్థ కారితాస్ ఇండియా ఆకలి మీద, జబ్బుల మీద ప్రచారం పెట్టి చందాలు పోగు చేస్తుంది. గుళ్ళో విరాళాల పెట్టె ఉంటుంది. మాంసం మానగా మిగిలిన డబ్బు ఆ పెట్టెలో వేయాలని పూజలో చెప్తారు. వినడానికి బాగుంది. కానీ శుక్రవారం నాడు మేం మానింది కోడి, కొన్నది కొరమీను. బజారుకి వెళ్ళేవాళ్ళెవర్నైనా అడగండి, రెండింట్లో ఏది ఖరీదో. రొయ్యలైతే మరీ. శుక్రవారం చిట్టా రాసుకుంటే మాకు మిగలాల్సింది పోయి అదనంగా ఖర్చు తేలుతోంది. నియమం పాటించినందుకు పెట్టెలో వేయడానికి ఏమీ మిగలడం లేదు! పునీత తోమాసుగారి చేప మా పేదవాడి పిడికెడు బియ్యాన్ని తినేసింది.

చేపని నిషేధించమని అడగను. అడిగితే కృష్ణా, గోదావరి జిల్లాల విశ్వాసులు నన్ను గుడి మెట్లు ఎక్కనివ్వరు. పైగా మత్స్యకార విచారణలున్నాయి. అక్కడ చేప విందు కాదు, ఇంట్లో ఉన్నది అదే. సముద్రం ఒడ్డున నెత్తళ్ళు వండుకునే ఇంటికీ, బెజవాడలో కొరమీను కొనే ఇంటికీ ఒకే మాట చెప్పడం కుదరదని నాకూ తెలుసు. 1251వ సూత్రమేమో మాంసం లేదా పీఠాధిపతుల సమాఖ్య నిర్ణయించే మరేదైనా ఆహారం అంటుంది. 1253వ సూత్రం ఇంకో అడుగు ముందుకేసి, మానడానికి బదులు దాతృత్వ కార్యాలు కూడా పెట్టుకోవచ్చంటుంది. ఆ నిర్ణయం చేసేది జాతీయ స్థాయిలో కూర్చునే సమాఖ్య అనీ తెలుసు. మీరందరూ అక్కడి సభ్యులే గనక అక్కడికి మా మాట చేరేసేదీ మీరే. అంతవరకూ ఆగక్కర్లేకుండా, ఒక లేఖలో ఇంత మాత్రం రాయొచ్చు: శుక్రవారం కొని తెచ్చుకున్న చేప తిన్న ఇల్లు, ఆ చేప ఎంతకి కొన్నారో అంత డబ్బూ పెట్టెలో వేయాలి. తినొద్దని కాదు. తినండి, రెండింతలు కట్టండి. గంప దింపే ముందే మా ఇంట్లో లెక్క మొదలవుతుంది. "ఇవాళ పప్పు చేసుకుందాం" అని మా ఆయన నోటే వస్తుంది, నాకు అనుమానం లేదు. పిన్నిగారి కిటికీ కూడా తెరుచుకుంటుంది.

ఒకవేళ చేపకి బదులు ఇంకేదైనా మాన్పించాలని మీకు అనిపిస్తే, ఆలోచించండి, కాదనను. ఆవకాయ జోలికి మాత్రం రావద్దు. అది తపస్సు కాదు, హింస.

ఇంకో తొందర పని ఉంది. 2027లో విభూది బుధవారం ఫిబ్రవరి 10న పడుతోంది. గుణదల మాత తిరునాళ్ళు ఏటా ఫిబ్రవరి 9, 10, 11. అంటే తిరునాళ్ళ నడిమి రోజు ఉపవాసం. 2016లోనూ ఇలాగే ఫిబ్రవరి 10నే వచ్చింది. విజయవాడలో ఇల్లున్న ప్రతి కతోలికుడికీ తిరునాళ్ళంటే ఏమిటో మీకు తెలుసు. గుంటూరు నుంచి, ఖమ్మం నుంచి, పశ్చిమగోదావరి నుంచి చుట్టాలు తొమ్మిదో తేదీ మధ్యాహ్నానికే పిల్లా పాపలతో దిగుతారు. కొండెక్కి, కొబ్బరికాయ కొట్టి, తలనీలాలిచ్చి, ఆకలితో మా ఇంటికొస్తారు. తొమ్మిదిన మాంసం పెడతాం, సరే. పదో తేదీ పొద్దున ముప్ఫైమందికి "కొద్దిగా" టిఫిను పెట్టడమెలా? ఎవరికి 59 నిండాయో, ఎవరికి 14 నిండలేదో గుమ్మంలో నిలబడి ఆధార్ కార్డులు చూడాలా? పదకొండున లూర్దుమాత పండుగ, మళ్ళీ మామూలే. ఆ మధ్య రోజుకి విజయవాడ మేత్రాసనం నుంచి ఏదైనా సర్దుబాటు ఉంటే, క్రిస్మస్ లోపే అన్ని విచారణల్లో చదివించండి. ఫిబ్రవరిలో చెప్తే అప్పటికే సరుకులు వచ్చేసి ఉంటాయి. సర్దుబాటు లేకపోతే అదీ చెప్పండి. "ఈసారి గుణదల వద్దులే, ఈస్టరుకి వస్తాం" అని అనేవాళ్ళెవరో ముందే తెలుస్తుంది.

చివరిగా, అదే సంవత్సరం మార్చి 19, పునీత జోజప్పగారి మహోత్సవం, శుక్రవారం నాడు వస్తోంది. మహోత్సవం శుక్రవారం పడితే ఆ రోజు మాంసం మానక్కర్లేదన్నది 1251వ సూత్రంలోనే ఉంది. ఈ సంగతి మా ఇంట్లో అందరికన్నా ముందు ఎవరు కనిపెట్టారో వేరే చెప్పక్కర్లేదు. గోడ క్యాలెండరు ఇంకా రాలేదు గానీ, మటన్ ఎన్ని కిలోలో నిర్ణయమైపోయింది. ఆ లెక్కలో ఏదైనా తప్పుంటే దయచేసి జనవరిలోగా తెలియజేయగలరు.

ఇట్లు,
మీ విశ్వాసిని,
విజయవాడ